డ్రై ర్యాక్ స్టోరేజి

డ్రై ర్యాక్ స్టోరేజి అనగా విహారమునకు, సరదా చేపల వేటకు వాడు చిన్న మరపడవలను నీటినుండి పైకి తీసి, ఉక్కు చట్రములతో కట్టిన అరలలో ఒకదానిపై నొకటిగా అమర్చి భద్రపరచు పద్ధతి. దీనినే డ్రై స్టాక్ అని కూడ అందురు. గ్రంథాలయములో పుస్తకములను బీరువాలో సర్దినట్లు ఇక్కడ పడవలను సర్దుదురు. అడిగిన పుస్తకమును తీసి యిచ్చు ఉద్యోగి స్థానములో పెద్ద ఫోర్కులిఫ్టు యంత్రమును, దానిని నడుపు మనిషియు ఉందురు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యముగా ఫ్లోరిడా రాష్ట్రములో ఈ పద్ధతి విరివిగా కనిపించును. ఆ రాష్ట్రములో నమోదైన పడవల సంఖ్య సుమారు 10 లక్షలు. ఇన్ని పడవలు ఏటిలో సగము రోజులైనను కదలక ఉండునవే గనుక, వాడని వేళ పడవను ఎక్కడ ఉంచవలెనన్నది అక్కడి యజమానులకు పెద్ద ప్రశ్న. ఈ వ్యాసములో ఫ్లోరిడాను ఉదాహరణగా తీసికొని, అరల పద్ధతిని తక్కిన పద్ధతులతో పోల్చి చూపబడినది.

నేపథ్యము

పూర్వము చెక్క పడవలు ఎక్కువగా నీటిలోనే ఉండెడివి. చెక్క ఎండినచో పలకల మధ్య సందులు విచ్చుకొనును, తిరిగి నీటిలోనికి దింపినప్పుడు కారును. 1950, 1960 దశకములలో ఫైబర్‌గ్లాస్ పడవలు వ్యాపించిన తరువాత ఈ ఇబ్బంది తొలగినది. తేలికగా ఉండి, ఎంతకాలము ఎండలో ఉన్నను పగలని ఈ పడవలను ఎత్తి దించుట సులభమైనది. మరొకవైపు తీరమున భూమి ధర పెరిగినది. నీటి అంచున ఉన్న కొద్దిపాటి స్థలములో నాలుగైదు అంతస్తుల ఎత్తున పడవలను పేర్చగలిగిన మెరీనాకు, అదే స్థలములో నీటిపై కట్టిన రేవుకంటె ఎన్నోరెట్లు పడవలు పట్టును. అరల పద్ధతి పుట్టుకకు యజమాని సౌకర్యము ఎంత కారణమో మెరీనా లెక్కయు అంతే కారణమని చెప్పవచ్చును.

పని జరుగు తీరు

పడవ కావలసిన వ్యక్తి ముందుగా మెరీనాకు ఫోను చేసి సమయము చెప్పును. ఫోర్కులిఫ్టు పడవను అర నుండి తీసి, రేవు అంచునకు తెచ్చి నీటిలోనికి దించును. సాధారణ గిడ్డంగి యంత్రములకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. దీని ఫోర్కులు పైకి లేచుటయే గాక, యంత్రము నిలిచిన నేలకంటె చాల అడుగుల దిగువకు, అనగా రేవు గోడ దాటి నీటి లోపలికి కూడ దిగును. ఇటీవలి కాలములో కొన్నిచోట్ల కప్పు నుండి వ్రేలాడు క్రేనులు ఈ పనిని చేయుచున్నవి.

తిరిగి వచ్చిన పిమ్మట యజమాని పడవను రేవుకు కట్టి వెళ్ళిపోవచ్చును. సిబ్బంది పడవను పైకి తీసి, అడుగుభాగమును మంచినీటితో కడిగి, ఇంజనులోని ఉప్పునీటిని మంచినీటితో వెడలగొట్టి, అరలో పెట్టుదురు. అరలో ఉన్నంతకాలము పడవ అడుగున గల బిరడాను తీసి ఉంచుట వాడుక. లోపల చేరిన నీరు దానంతటదియే కారిపోవును. దింపునప్పుడు ఆ బిరడాను తిరిగి బిగించుట మరచినచో పడవ రేవులోనే మునుగుట మొదలిడును. ఇది నవ్వుటకు తగినంత చిన్న పొరపాటే గాని, తరచు జరుగునది. అందుచేత దింపిన వెంటనే పడవ అడుగు గుంటలోనికి ఒకసారి తొంగి చూడనిదే కట్టుత్రాళ్ళు విప్పరాదు.

ఫోర్కులు ఎక్కడ ఆనుచున్నవన్నది కూడ గమనింపదగిన విషయము. పడవ అడుగున లోపలివైపు నిలువుగా సాగు దూలముల క్రింద బరువు పడవలెను. పలుచని చోట పడినచో పైపూతలో సన్నని పగుళ్ళు ఏర్పడును. లోతు కొలుచు పరికరము అడుగున బయటకు పొడుచుకొని ఉన్న పడవలలో అది విరుగు ప్రమాదము కలదు. మంచి మెరీనాలు ఒక్కొక్క పడవకు ఫోర్కులు ఆనవలసిన చోటును గుర్తు పెట్టుకొందురు. స్థలము చూడబోయిన యజమాని అద్దె అడుగుటకు ముందు ఒక గంటసేపు నిలబడి, ఆ యంత్రమును నడుపువాని చేతిపనిని చూచుట మేలు.

పరిమితులు

అన్ని పడవలును అరలకు పనికిరావు. సామాన్యముగా 30 నుండి 40 అడుగుల లోపు మరపడవలే పట్టును. అంతకు మించినవానిని మోయు యంత్రములు కొద్దిచోట్లనే కలవు. పొడవును కొలుచునప్పుడు వెనుక వ్రేలాడు ఇంజనులను, ముందు పొడుచుకొను లంగరు చట్రమును కూడ కలిపి కొలుచుదురు. నీడకై అమర్చిన పైకప్పు, దానిపై చేపలను కనిపెట్టు గోపురము ఉన్నచో ఎత్తు చాలదు. తెరచాప పడవలకు స్తంభమును, లోతైన అడుగు కీలును ఉండుటచేత అవి ఈ పద్ధతికి సరిపడవు. పడవలోనే రాత్రులు గడుపువారికి, అందులో తామే మరమ్మతులు చేసికొనువారికి కూడ ఇది తగదు. అర ఎక్కిన పడవలోనికి వెళ్ళుటకు యజమానికి సాధారణముగా అనుమతి లేదు.

మరియొక పరిమితి కాలము. మెరీనా పనివేళలకు ముందు, తరువాత పడవ దొరకదు. తెల్లవారుజామున చేప పట్టదలచినవాడు ముందురోజు సాయంత్రమే పడవను దింపించి రేవుకు కట్టించుకొనవలెను. సెలవు రోజులలో, వారాంతములలో అందరును ఒకేసారి అడుగుదురు గనుక వరుసలో వేచి ఉండక తప్పదు. అద్దె మాట వచ్చినప్పుడు ఎవరును ముందుగా చెప్పని సంగతి ఇదియే.

నీటిలో కట్టి ఉంచుట

రేవులోని స్లిప్పులో పడవను కట్టి ఉంచుట పాత పద్ధతి. ఎప్పుడు కావలసిన అప్పుడు త్రాడు విప్పి బయలుదేరవచ్చును. పెద్ద పడవలకు, తెరచాప పడవలకు ఇంతకంటె మార్గము లేదు. అయితే ఉప్పునీరు ఊరకుండదు. ఫ్లోరిడాలోని వెచ్చని నీటిలో కొద్ది వారములకే నాచును, ఆ పైని గుల్లలును పడవ అడుగున పట్టి, వేగమును తగ్గించి ఇంధనపు ఖర్చును పెంచును. దీనిని ఆపుటకు రాగి కలిసిన రంగు పూయుదురు. ఏడాదికో రెండేండ్లకో ఆ పూతను తిరిగి వేయవలెను. ఆ రాగి నీటిలో కరిగి జలచరములకు హాని చేయుటచేత, కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరపు షెల్టర్ ఐలాండ్ పడవల రేవులో కరిగిన రాగిని 76 శాతము తగ్గింపవలెనని అక్కడి జలమండలి 2005లో నిర్ణయించినది. అరలో ఉంచు పడవకు ఈ పూతతో పని లేదు.

నీటిలో ఉన్న పడవకు విద్యుత్తు కూడ శత్రువే. రెండు వేర్వేరు లోహములు ఉప్పునీటిలో ఉండి కలుపబడినచో ఒకటి క్షయించుట పాఠశాల రసాయనశాస్త్రములో చదివినదే. పడవ ఇంజనుకు జింకు బిళ్ళలు తగిలించుట, అవి ముందు కరిగి తక్కిన లోహమును కాపాడుటకే. వానిని వేళకు మార్చకున్నచో ఇంజను భాగములే కరుగనారంభించును.

అన్నిటికంటె ముఖ్యమైనది మునిగిపోవుట. పడవలు సముద్రములోనే మునుగునని సామాన్యులు తలచుదురు. బోట్ యుఎస్ అను అమెరికా పడవ యజమానుల సంఘము తన బీమా దస్త్రములను పరిశీలించి, ప్రయాణములో ఒక పడవ మునుగునెడల రేవులో కట్టినచోట నాలుగు మునుగునని తెలిపినది. కారణములు చిన్నవి: పాతబడిన రబ్బరు గొట్టము, వదులైన పట్టీ, ఆకులు అడ్డుపడిన నీటిదారి, బ్యాటరీ అయిపోయి నిలిచిపోయిన తోడు పంపు. వారమునకొకసారి వచ్చి చూడలేనివాడు పడవను నీటిలో ఉంచుట, నిద్రపోని కాపలాదారుగా ఒక చిన్న పంపును నమ్ముట వంటిది.

లిఫ్టు, మూరింగు, ట్రైలరు

ఇంటివెనుక కాలువ గలవారు పడవను నీటిపైన ఎత్తి ఉంచు బోటు లిఫ్టును పెట్టుకొందురు. ఫోర్ట్ లాడర్‌డేల్ నగరములో ఇట్టి కాలువలు ఎక్కువ. అడుగుభాగము పొడిగా ఉండును, ఎప్పుడైనను దింపుకొనవచ్చును. దీనికి శత్రువు వాన. 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల తెరచిన పడవపై ఒక అంగుళము వాన పడినచో సుమారు 13 ఘనపుటడుగుల నీరు చేరును. దాని బరువు 370 కిలోలకు పైమాట. తుపానులో పది అంగుళములు పడి, నీటిదారి మూసుకొన్నచో లిఫ్టుపై అదనముగా మూడున్నర టన్నులకు పైగా బరువు పడును. తీగలు తెగుట, దూలములు వంగుట అట్లు జరుగునవే.

మూరింగు అనగా రేవుకు దూరముగా, అడుగున పాతిన లంగరుకు గొలుసుతో కట్టిన తేలుడు బుడ్డికి పడవను తగిలించుట. ఇది చవుక. ఒడ్డునుండి చిన్న పడవలో వెళ్ళి ఎక్కవలెను.

ట్రైలరుపై పెట్టి ఇంటి ఆవరణలో ఉంచుట అన్నిటికంటె చవుకైనది. యజమానికి పూర్తి స్వేచ్ఛ నిచ్చునది. కాని అమెరికా రోడ్లపై ప్రత్యేక అనుమతి లేకుండ లాగదగిన వెడల్పు 8 అడుగుల 6 అంగుళములే. లాగుటకు బలమైన వాహనము, దింపుటకు ఏటవాలు రేవు, ఆ రేవున వెనుకకు నడుపు నేర్పు కావలెను. చక్రముల బేరింగులు ఉప్పునీటిలో మునిగి లేచుచుండుటచేత త్వరగా చెడును. ఇంటివద్ద ట్రైలరు నిలుపుటను కొన్ని కాలనీల సంఘములు నిషేధించినవి.

తుపాను వేళ

పై లాభనష్టములన్నియు మంచి రోజుల లెక్కలు. ఫ్లోరిడాలో జూన్ 1 నుండి నవంబరు 30 వరకు హరికేనుల కాలము. పద్ధతికి నిజమైన పరీక్ష ఆ ఆరునెలలలో వచ్చును.

అరల కట్టడమును గాలి పడగొట్టును, లేదా నీరు ముంచును. గాలి విషయములో కట్టడపు వయస్సు ముఖ్యము. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేను దక్షిణ ఫ్లోరిడాను ధ్వంసము చేసిన పిమ్మట కట్టడముల నియమములు కఠినమైనవి. రాష్ట్రమంతటికిని వర్తించు ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ 2002 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. దానికి ముందు కట్టిన శాలలలో గోడరేకు ఒకటి ఊడినచో గాలి లోనికి దూరి కప్పును లేపును. చట్రము వంగినచో పై అరలోని పడవ క్రింది పడవపై బడి, ఒక వరుస అంతయు కుప్పకూలును. 2004, 2005 సంవత్సరముల హరికేనులలో కొన్ని పాత శాలలకు ఈ గతి పట్టినది. కప్పు, గోడలు లేని తెరపి అరలలో పడవలను గాలి నేరుగా తాకును. కనుక మెరీనావారిని అడుగవలసిన మొదటి ప్రశ్న: ఈ శాల ఏ సంవత్సరము కట్టినది, ఎంత గాలివేగమునకు రూపొందించినది?

రెండవ ప్రశ్న నేల ఎత్తును గూర్చినది. సముద్రపు నీరు తుపానుతోపాటు భూమిమీదికి ఎగబ్రాకుటను మనము ఉప్పెన అందుము. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తెలుగువారు మరువలేరు. 2022 సెప్టెంబరు 28న ఇయాన్ హరికేను ఫ్లోరిడా పశ్చిమ తీరమును తాకినప్పుడు ఫోర్ట్ మైయర్స్ బీచ్ వద్ద నేలపై 10 నుండి 15 అడుగుల ఎత్తున నీరు నిలిచినది. అంత నీరు వచ్చినచోట క్రింది అరలోని పడవ తేలి, తనపై అరకు కొట్టుకొని, చట్రమును కూడ కదలింపగలదు. పై అరలో ఉన్నవానికి నీటి భయము తక్కువ, గాలి భయము ఎక్కువ. అరను ఎన్నుకొను అవకాశము ఉన్నచో ఈ భేదమును తలచుకొనవలెను.

ఒడ్డున ఉన్నది గనుక క్షేమమనుకొనుట పొరపాటని 2012 అక్టోబరు 29 నాటి శాండీ తుపాను చూపినది. న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతములలో శీతకాలమునకై చాల పడవలను అప్పటికే పైకి తీసి, ఉక్కు కాళ్ళపై నిలిపి ఉంచిరి. ఉప్పెన వచ్చి వానిని కాళ్ళపైనుండి తేల్చి, ఒకదానిపై నొకటిగా త్రోసి, వీధులలోనికి కొనిపోయినది. ఆ తుపానులో 65,000కు పైగా పడవలు దెబ్బతిన్నవని బోట్ యుఎస్ అంచనా. తీరమున తీసి ఉంచుటకంటె, ఎత్తైన నేలమీదికి తరలించుటయే రక్షణ. ఈ ఒక్క విషయములో చవుకైన ట్రైలరు ఖరీదైన అరను మించును: హెచ్చరిక రాగానే పడవను ఊరు దాటించి తీసికొనిపోవచ్చును.

కొందరు ట్రైలరును ఉంచుకొని, అరలోని పడవను తుపానుకు ముందు దానిపైకి దింపించుకొందురు. ఇట్లు చేయదలచినవారు తొందరపడవలెను. గాలి పెరిగినచో ఫోర్కులిఫ్టు పనిచేయరాదు. చివరి రోజున అందరును ఒకేసారి అడుగుదురు. ఇందుకు సంబంధించి ఫ్లోరిడా శాసనములలో 327.59 అను విభాగము కలదు. హరికేను హెచ్చరిక వెలువడిన తరువాత పడవలను తొలగింపవలెనని మెరీనాలు యజమానులను నిర్బంధింపరాదని అది చెప్పుచున్నది. ఆస్తికొరకు ప్రాణములకు తెగించి తుపానులో సముద్రముపైకి పోరాదన్నది దాని ఉద్దేశము. అందుచేత రేవులో పడవ ఉన్నవాడు వెళ్ళక నిలువవచ్చును గాని, ఆ పడవవలన కలుగు నష్టము ఎవరిదన్నది ఒప్పంద పత్రములో ముందే చదివి ఉండవలెను. బీమా పత్రములో పేరు పెట్టిన తుపానులకు వేరుగా కోత ఉండుట సాధారణము.

అగ్ని ప్రమాదము

ఇంధనము నింపిన ఫైబర్‌గ్లాస్ పడవలు దగ్గరదగ్గరగా ఉన్న ఏ చోటనైనను నిప్పు గొప్ప ముప్పు. 2020 జనవరి 27న అలబామా రాష్ట్రములోని స్కాట్స్‌బరో వద్ద రేకు కప్పు గల రేవులో మంటలు చెలరేగి 35 పడవలు నాశనమైనవి. పడవలలో నివసించుచున్నవారిలో 8 మంది మరణించిరి. రేవు నుండి ఒడ్డుకు చేరు దారిని మంటలు మూసివేయుట ఆ మరణములకు ముఖ్య కారణము. అరలలో మనుషులు నివసింపరు గాని, నిప్పు నిలువుగా ప్రాకును. పై అరలోని పడవను వెంటనే తీయుటకు దారి ఉండదు. అమెరికాలో మెరీనాల అగ్నిరక్షణకు ఎన్.ఎఫ్.పి.ఏ. 303 అను ప్రమాణము కలదు. శాలలో నీటిజల్లు గొట్టములు ఉన్నవా, అరలో ఉండగా బ్యాటరీ తీగలను విడదీయు నియమము ఉన్నదా అన్నవి చూడదగినవి.

శీతల ప్రాంతములు

మిన్నెసోటా వంటి ఉత్తర రాష్ట్రములలో సరస్సులు గడ్డకట్టుటచేత ఎంపికకు తావు తక్కువ. అక్టోబరు నాటికి పడవను పైకి తీయవలసినదే. నీరు గడ్డకట్టినప్పుడు పదవ వంతుకు కొంచెము తక్కువగా ఉబ్బును. ఇంజనులో మిగిలిన నీరు దాని ఇనుప దిమ్మను పగులగొట్టును. కనుక నీటిని తోడివేసి, గడ్డకట్టని ద్రవమును నింపి, పడవను ప్లాస్టిక్ పొరతో చుట్టి ఉంచుదురు. అక్కడి అరలు ఆరునెలల గిడ్డంగులు మాత్రమే.

ఎంపిక

అద్దెను సాధారణముగా అడుగు పొడవుకు ఇంతయని నెలనెలకు లెక్కకట్టుదురు. అరకు, స్లిప్పుకు చెప్పిన ధరలను పోల్చునప్పుడు స్లిప్పు వైపున రంగుపూత, అడుగు గోకించు మునకగాని కూలి, జింకు బిళ్ళలు కలుపవలెను. ట్రైలరు వైపున టైర్లు, బేరింగులు, వాహనపు అదనపు ఇంధనము కలుపవలెను. ఇట్లు చేసినచో మధ్యస్థమైన పడవకు అర, స్లిప్పుల మధ్య తేడా మొదట కనిపించినంత ఉండదు.

నెలకు రెండు మూడు సార్లు పగటిపూట మాత్రమే వెళ్ళు, 20 నుండి 30 అడుగుల మరపడవ గలవారికి, దూరమున నివసించువారికి, కొత్త కట్టడము దొరికినచో అరయే మేలైనది. ప్రతిరోజు వేకువనే వెళ్ళువారికి అది విసుగు కలిగించును. వారికి స్లిప్పుగాని, ఇంటి లిఫ్టుగాని తగును. పడవ చిన్నదై, ఇంటిలో చోటు ఉండి, లాగు వాహనము ఉన్నవారు అరకై డబ్బు వెచ్చించుటలో అర్థము లేదు. శాల పాతదై, నేల పల్లమైనచోట ఎంత చవుకగా దొరికినను అరను తీసికొనరాదు.

ఆంధ్ర తీరములో

తెలుగువారి తీరములో విహార పడవల అరశాలలు వ్యాపింపలేదు. కాని పడవను నీటిలో ఉంచవలెనా, ఒడ్డుకు లాగవలెనా అన్న ప్రశ్న ఇక్కడి మత్స్యకారులకు కొత్తది కాదు. రేవు లేని ఇసుక తీర గ్రామములలో తెప్పలను, ఫైబరు పడవలను వేట ముగిసిన వెంటనే అందరును చేయి వేసి అలల హద్దు దాటించి ఒడ్డుపైకి లాగుదురు. తుపాను హెచ్చరిక వచ్చినచో మరికొంత మెరకకు చేర్చుదురు. పెద్ద మరపడవలను మాత్రము విశాఖపట్నము, కాకినాడ వంటి చోట్ల రేవునీటిలోనే కట్టి ఉంచుదురు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధము ఉండును. పడవ అడుగు గోకుట, రంగులు వేయుట, పలకలు మార్చుట ఆ కాలములో జరుగును.

కిక్కిరిసిన రేవులో కట్టి ఉంచుటలోని ముప్పు 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నము చేపల రేవులో కనిపించినది. ఒక పడవలో పుట్టిన మంట ప్రక్క పడవలకు ప్రాకి, సుమారు 40 పడవలు కాలిపోయినవి. పడవలలోని డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు మంటను పెంచినవి. ఫ్లోరిడాలో కాలిన పడవ ఒకని వారాంతపు సరదా. విశాఖలో కాలిన ఒక్కొక్క పడవ మీద యజమానితోపాటు కళాసీల కుటుంబములు కూడ బ్రతుకుచుండెను.